రెజ్యూమేలో పేరు ఒకటి, సర్టిఫికెట్‌లో ఇంకొకటా? ఉద్యోగానికి అప్లై చేసే ముందు ఇవి చూసుకోండి

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలో చదువు పూర్తయిన మన పిల్లలు చాలామంది జెరాక్స్ షాపుకు వెళ్లి, "అన్నా, ఒక రెజ్యూమే కొట్టియ్యి" అంటారు. అక్కడున్న పాత ఫైల్‌లో పేరు, ఫోన్ నంబరు మార్చి ప్రింట్ చేతిలో పెడతారు. ఇక అందరి కాగితమూ ఒకేలా ఉంటుంది. అందులో మీరు ఎవరో, ఏం చేయగలరో కనిపించదు.

ముందు పేరు సంగతి. మన ఇళ్లలో షేక్, సయ్యద్, పఠాన్ పేర్లు ఎక్కువ. ఇంగ్లీషులో 'షేక్' అన్న ఒక్క మాటకే మూడు నాలుగు స్పెల్లింగులున్నాయి. టెన్త్ మెమోలో ఒకటి, ఆధార్‌లో ఒకటి, పాన్ కార్డులో వట్టి 'ఎస్‌కే'. ఇంటర్వ్యూ దాటాక సర్టిఫికెట్లు చూసే రోజు ఇదే అడ్డం పడుతుంది. రెజ్యూమేలో టెన్త్ మెమోలో ఉన్నట్టే రాయండి. మిగతా కార్డులు వేరుగా ఉంటే ఇప్పుడే సరిచేయించుకోండి. ఆధార్‌లో పేరు మార్చుకోవడానికి రెండుసార్లే అవకాశం, కాబట్టి ఒకటికి రెండుసార్లు చూసి ఇవ్వండి. గల్ఫ్ ఉద్యోగాలకైతే పాస్‌పోర్టులో ఉన్న పేరే రాయాలి.

రెజ్యూమే అంటే పెళ్లి సంబంధానికి ఇచ్చే బయోడేటా కాదు. మతం, ఎత్తు, అన్నదమ్ముల వివరాలు అక్కర్లేదు. ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు అస్సలు రాయొద్దు. ఆ కాగితం ఎవరి చేతుల్లో పడుతుందో తెలియదు.

"నాకు అనుభవం ఏమీ లేదు" అని చాలామంది ఆ భాగం ఖాళీగా వదిలేస్తారు. ప్రొద్దుటూరు బంగారు అంగట్లోనో, బట్టల షాపులోనో లెక్కలు రాయడం అనుభవం కాదా? ఇంట్లో మగ్గం వర్క్ ఆర్డర్లు తీసుకుని, చెప్పిన రోజుకు ఇచ్చే అమ్మాయిదీ అనుభవమే. కాకపోతే "షాపులో పనిచేశాను" అంటే చాలదు. "రోజూ బిల్లింగు, స్టాకు రిజిస్టరు, సాయంత్రం క్యాష్ లెక్క చూశాను" అని రాసి, ఏ నెల నుంచి ఏ నెల వరకో చెప్పండి. చేయని పని మాత్రం రాయకండి, రెండు ప్రశ్నలు అడిగితే బయటపడుతుంది. ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషులో ఏది మాట్లాడగలరో, ఏది చదివి రాయగలరో విడిగా రాయండి. ఆసుపత్రి రిసెప్షన్, సేల్స్, కాల్ సెంటర్ ఉద్యోగాల్లో ఇది పనికొస్తుంది.

అన్ని చోట్లకూ ఒకే రెజ్యూమే పంపొద్దు. ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీకైతే ఐటీఐ ట్రేడు, డిప్లొమా పైన ఉండాలి. ఆఫీసు పనికైతే కంప్యూటర్, ట్యాలీ ముందు రావాలి. తుమ్మలపల్లె యురేనియం గని లాంటి ప్రభుత్వ సంస్థలకు నోటిఫికేషన్‌లో అడిగిన ఫారమే ముఖ్యం.

కవర్ లెటర్ అర పేజీ దాటొద్దు. మొదట ఏ ఉద్యోగానికి, ఆ సంగతి ఎక్కడ చూశారో చెప్పండి. తర్వాత ఆ పనికి పనికొచ్చే మీ రెండు విషయాలు రాయండి. చివర ఎప్పుడు చేరగలరో, ఫోన్ నంబరు ఏదో రాయండి. "పేద కుటుంబం, దయచేసి ఉద్యోగం ఇవ్వండి" అని బతిమాలొద్దు. వాళ్లు చూసేది పని వస్తుందా లేదా అనే.

పంపే ముందు ఇంట్లో ఎవరితోనైనా ఒకసారి చదివించండి. పీడీఎఫ్‌గా మార్చి, ఫైల్‌కు మీ పేరే పెట్టండి. కేంద్ర ప్రభుత్వ నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్‌లో పేరు నమోదు ఉచితం. రెజ్యూమే చూసి "డబ్బు కడితే ఉద్యోగం ఖాయం" అని ఎవరైనా ఫోన్ చేస్తే, అక్కడే పెట్టేయండి.