రేటింగ్‌లో కలిసే సంస్కృతి

ఏడాది చివర మేనేజర్ ఇచ్చే రేటింగ్‌ను బట్టే ఉద్యోగి జీతం పెంపు, ప్రమోషన్ తేలతాయి. ఒక్కోసారి ఉద్యోగం ఉండేదీ ఊడేదీ దానిమీదే. అయితే ఆ రేటింగ్‌లో ఉద్యోగి పనితో పాటు మేనేజర్ పుట్టిపెరిగిన సమాజం నేర్పిన అలవాట్లూ కలుస్తాయి.

అందులో మొదటిది పెద్దరికం పట్ల ఉండే వైఖరి. డచ్ పరిశోధకుడు గీర్ట్ హాఫ్‌స్టెడ్ 1967-73 మధ్య వివిధ దేశాల ఐబీఎం ఉద్యోగులు నింపిన లక్షకు పైగా సర్వే పత్రాలను విశ్లేషించి, 1980లో పుస్తకంగా వెలువరించాడు. పైవారికీ కిందివారికీ మధ్య అంతరాన్ని జనం ఎంతవరకు సహజమనుకుంటారో తెలిపే సూచీలో భారత్‌కు 77, అమెరికాకు 40, డెన్మార్క్‌కు 18 వచ్చాయి.

ఈ అంతరం ఆఫీసులో ఇలా కనిపిస్తుంది. డెన్మార్క్ మేనేజర్ వీడియో కాల్‌లో ఒక డిజైన్ చూపించి అభిప్రాయం అడుగుతాడు. హైదరాబాద్ ఇంజినీరుకు అందులో లోపం కనబడుతుంది. నలుగురిలో చెప్పడం బాగుండదని ఊరుకుని, సాయంత్రం విడిగా మెయిల్ పెడతాడు. అప్రైజల్‌లో మాత్రం ‘చొరవ తక్కువ’ అని పడవచ్చు. అదే మీటింగ్‌లో సూటిగా తప్పు పట్టిన జూనియర్‌ను, మరో మేనేజర్ పెద్దాచిన్నా తెలియనివాడిగా లెక్కగట్టవచ్చు.

రెండోది కారణాలు వెతికే తీరు. మనస్తత్వ శాస్త్రవేత్త జోన్ మిల్లర్ 1984లో ప్రచురించిన అధ్యయనంలో షికాగో, మైసూరు వాసుల చేత తెలిసినవారి మంచిచెడు పనులకు కారణాలు చెప్పించింది. అమెరికా పెద్దలు ఎక్కువగా మనిషి స్వభావాన్ని చూపారు. మైసూరు పెద్దలు పరిస్థితులను చూపారు. చిన్నపిల్లల్లో ఈ తేడా అంతగా లేదు. వయసుతో పాటే పెరిగింది కాబట్టి ఇది పెంపకంలో అబ్బేదే. గడువు తప్పిన ఉద్యోగిని ఒక మేనేజర్ బాధ్యత లేనివాడని తేల్చేస్తే, ఇంకొకరు క్లయింట్ మధ్యలో ఏం మార్చాడని ఆరా తీస్తారు.

మూడోది తన గురించి తాను చెప్పుకునే పద్ధతి. 1991లో వెలువడిన ఒక అధ్యయనంలో తైవాన్ ఉద్యోగులు తమ పై అధికారులు ఇచ్చిన దానికంటే తక్కువ మార్కులు తమకు తాము వేసుకున్నారు. పాశ్చాత్య దేశాల్లో సాధారణంగా దీనికి ఉల్టాగా జరుగుతుంది. కానీ 1993 నాటి మరో అధ్యయనంలో చైనా ఉద్యోగులు తమకు ఎక్కువే వేసుకున్నారు. అంటే దేశం పేరు చూసి మనిషిని అంచనా వేయడం కూడా పొరపాటే.

రేటింగ్‌లో ఇలా సంస్కృతి కలవకుండా ఉండేందుకు తెలిసిన మందు, ప్రతి రేటింగ్‌నూ కంటికి కనబడే పనికి కట్టెయ్యడం. 1963లో స్మిత్, కెండల్ రూపొందించిన పద్ధతిలో ఒక్కో అంకెకు ఎలాంటి ప్రవర్తన తగినదో ముందే రాసి ఉంటుంది. ఏడాది పొడవునా నోట్స్ రాసుకోవడం, పలువురు మేనేజర్లు కూర్చుని రేటింగ్‌లను సరిచూసుకోవడం కూడా మేలు చేస్తాయి. ‘చొరవ లేదు’ అని రాసే మేనేజర్ ఏ పనిలో, ఏ రోజు లేదో కూడా రాయాలి. అలా రాయలేకపోతే ఆ మాటను అప్రైజల్‌లోంచి తీసెయ్యాలి.