పిల్లి రాత్రిపూట గోడకేసి ఎందుకు చూస్తుంది?

పిల్లలూ! విశాఖపట్నం పూర్ణా మార్కెట్టులో రాత్రి కొట్లు మూసేశాక ఎలుకలు బయలుదేరుతాయి. పిల్లులకు పని అప్పుడే! మీ ఇంటి పిల్లిదీ అదే జాతి. అందుకే అది అర్ధరాత్రి పరుగులు తీస్తుంది, ఉత్త గోడకేసి చెవులు రిక్కించి చూస్తుంది. దయ్యాన్ని చూసిందని భయపడి దాన్ని కొట్టకండి.

సెకండుకు 20 వేల కంపనాలు దాటిన ధ్వని మనకు వినిపించదు. పిల్లికి 60 వేలదాకా వినిపిస్తుంది. గోడవెనుక ఎలుకల అతి సన్నని కూతలు మనకు అందవు, దానికి అందుతాయి. దాని కళ్ళలో అద్దంవంటి పొర ఉంది. మనకు కావలసిన వెలుతురులో ఆరోవంతు దానికి చాలు.

పడుకోబోయేముందు కాగితపు ఉండతో ఆడించి, తిండి పెట్టండి. కడుపు నిండితే పడుకుంటుంది. కాని ఎన్నడూ లేనిది రాత్రంతా అరుస్తూ తిండి మానేస్తే, అది జబ్బు కావచ్చు. పశువుల డాక్టరుకు చూపించండి.