పసుపులో పదకొండు గీతలు

పసుపు లేనిదే తెలుగింట వంటా సాగదు, శుభకార్యమూ సాగదు. బెజవాడనుంచి తెనాలి పోయే రైలుదారిలో దుగ్గిరాల ఉన్నది. అక్కడి పసుపు యార్డులో వర్తకుడు కొమ్మును పుటుక్కున విరిచి, లోపలి రంగు చూసి నాణ్యం అంచనా కడతాడు. అనుభవమున్న ఆ కంటిని నేను తక్కువ చేయను. కాని పొడిని విరిచి చూడలేం గదా! ఆ రంగు పసుపుదేనా, పైనుంచి కలిపినదా?

పసుపుకు రంగునిచ్చే ముఖ్యపదార్థం కర్క్యుమిన్. 1815లో ఐరోపా శాస్త్రజ్ఞులు దాన్ని పసుపులోంచి తీశారు. దాని నిర్మాణం తేలేసరికి 1910 వచ్చింది. ఈనాడు శుద్ధమైన కర్క్యుమిన్ చిటికెడు ఇస్తే చాలు, కర్బన ఎన్.ఎం.ఆర్. అనే యంత్రం కొద్ది గంటల్లో దాని జాతకం గీసి ఇస్తుంది.

పదార్థాన్ని ద్రవంలో కరిగించి, బలమైన అయస్కాంతంలో ఉంచి, రేడియో తరంగాలతో కదిలిస్తారు. కర్బన పరమాణువుల్లో నూటికి తొంభైతొమ్మిది దాకా మౌనవ్రతం పట్టినవే. బదులు పలికేది కర్బనం-13 ఒక్కటే. అది నూటికి 1.1 వంతు మాత్రమే. ఈ సన్నని పలుకును 1957లో తొలిసారి లోకానికి వినిపించినవారిలో పాల్ లాటర్‌బర్ ఒకరు. ఎం.ఆర్.ఐ. పరిశోధనకు 2003లో నోబెల్ బహుమతి పంచుకున్నది ఆయనే. ఇరుగుపొరుగునుబట్టి ప్రతి కర్బనం స్వరమూ మారుతుంది. ఆ స్వరాలే కాగితంమీద నిలువు గీతలవుతాయి.

కర్క్యుమిన్‌లో కర్బనాలు 21. గీతలు మాత్రం 11. ఈ కాగితం చూపితే మా వదినగారు, "తక్కిన పదీ తూకంలో పోయాయా, మరిదిగారూ?" అన్నారు.

పోలేదు. ఈ అణువు నడిమికి మడిచిన చీరవంటిది. ఒక సగం రెండో సగంమీద సరిగ్గా ఒదుగుతుంది. ఒకే తీరు చోటున్న రెండు కర్బనాలకు గీత ఒక్కటే. పది జతలకు పది, మడతమీద ఒంటిగా ఉన్నదానికి ఒకటి. గీతలు చెప్పేది కర్బనాల సంఖ్య కాదు, రకాల సంఖ్య. ఇది గుర్తుంటే సగం విద్య వచ్చినట్లే.

ఇక గీతల చోట్లు చూడండి. 183 దగ్గరిది ఆక్సిజన్‌తో ముడిపడిన కర్బనం. 101 దగ్గరిది మడతమీది ఒంటరి. 56 దగ్గరిది మిథాక్సీ గుంపు. 111కూ 150కీ మధ్యనున్న ఎనిమిదీ వలయాలవి, వాటిని కలిపే గొలుసువి. పసుపులోనే దీనికొక తోబుట్టువుంది: ఒకవైపు మిథాక్సీ లేని డీమిథాక్సీకర్క్యుమిన్. దాని కర్బనాలు 20కి తగ్గినా, మడత కుదరక గీతలు 18కి పెరుగుతాయి!

కల్తీదారులు కలిపే మెటానిల్ ఎల్లో అనే రంగు ఆహారంలో నిషిద్ధం. దాని 18 కర్బనాలూ వలయాల్లోనే ఉంటాయి. కనుక వేరుచేసి పరీక్షిస్తే 183, 101, 56 దగ్గర ఒక్క గీతా రాదు, దొంగ దొరికినట్లే.

అంతకంటె ప్రమాదం లెడ్ క్రోమేట్. అందులోని సీసం పిల్లల మెదడుకు చేటు. కొమ్ములకే దీన్ని పూస్తున్నారని బంగ్లాదేశ్‌లో జరిపిన పరిశోధన 2019లో బయటపెట్టింది. అందులో కర్బనమే లేదు; కనుక ఈ యంత్రానికి అది వినపడదు. సీసానికి వేరే పరీక్ష చేయించవలసిందే.

కాబట్టి కొమ్ములే కొనండి, విరిచి చూడండి, కడిగి ఆరబెట్టి మరపట్టించండి. పైన తళతళ మరీ ఎక్కువైతే మాత్రం ఆ కొట్టు దాటి ముందుకు నడవండి.