పేరు చెరిగిన పాటలకే పెట్టెలో తొలి చోటు

అవనిగడ్డ: దివిసీమలో ఓ పల్లె. ఆ పల్లెలోని పాత డాబా ఇంటి వసారాలో నెల రోజులుగా ఓ ఎంపిక జరుగుతోంది. బరిలో ఉన్నవి మూడు వందల గ్రామఫోను రికార్డులు. ఎంపిక చేసేది ఎనభై దాటిన విశ్రాంత ఉపాధ్యాయుడు. నెగ్గేవి అరవై మాత్రమే.

హైదరాబాదులో ఉంటున్న కొడుకు తల్లిదండ్రులను తన దగ్గరకు వచ్చేయమన్నాడు. అది రెండు గదుల ఫ్లాటు. "నాన్నా, ఒక్క ట్రంకు పెట్టె అయితే ఎలాగో సర్దుతాను" అన్నాడట. ఆ ఒక్క పెట్టెలో ఏవి పెట్టాలన్నదే మాస్టారికి వచ్చిన చిక్కు. తన పేరు రాయవద్దని ఆయన ఈ విలేఖరికి ముందే షరతు పెట్టారు. రాస్తే పాత సామాను కొనేవాళ్ళు గుమ్మంలో కాచుకు కూర్చుంటారని ఆయన భయం.

ఉప్పెనకు నిలిచిన పళ్ళేలు

మాస్టారి తండ్రికి నాటకాల పిచ్చి. పాండవోద్యోగ విజయాలు, సత్యహరిశ్చంద్ర, చింతామణి పద్యాల రికార్డులను బందరు వెళ్ళినప్పుడల్లా కొనేవారు. ఇక మాస్టారు తొలి జీతంతో కొన్నది 1963లో విడుదలైన 'లవకుశ' పాటల రికార్డు. లక్కతో చేసిన ఈ రికార్డులు నిమిషానికి 78 చుట్లు తిరుగుతాయి. పది అంగుళాల రికార్డుపై ఒక్కో వైపు మూడు నిమిషాల పాట పడుతుంది. చెయ్యి జారితే మిగిలేది పెంకులే.

1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమలో వేలమందిని పొట్టన పెట్టుకుంది. మాస్టారి కుటుంబం డాబా ఎక్కి ప్రాణాలు దక్కించుకుంది. నీరు తీశాక చూస్తే రికార్డుల బీరువా బురదలో బోర్లా పడి ఉంది. "పది రోజులు వాటి జోలికి పోలేదు. ఊరంతా ఏడుస్తుంటే పాటలు ఎవరికి కావాలి?" అన్నారాయన. ఆ తర్వాత పగిలినవి పోగా మిగిలిన ప్రతి రికార్డునూ కడిగి నీడన ఆరబెట్టారు. "నా పెళ్ళి చీరలు పోయాయి, ఈయన నల్ల పళ్ళేలు మాత్రం నిలిచాయి" అని ఆయన భార్య నేటికీ దెప్పుతుంటారు.

లక్క నిలిచింది గాని, నడుమ అంటించిన కాగితం నిలవలేదు. పాట పేరు, పాడినవారి పేరు ఉండేది ఆ కాగితం మీదే. అలా ఇరవై మూడు రికార్డులు పేరు లేనివయ్యాయి.

కాపాడే తీరు

రికార్డులను మాస్టారు దొంతి పెట్టరు. పుస్తకాల్లా నిలువుగా నిలబెడతారు. దొంతి పెడితే బరువుకు అడుగువి పగులుతాయి, ఎల్పీలైతే వంగిపోతాయి. ఎండ తగిలినా ఎల్పీ వంగుతుంది. తీసేటప్పుడు అంచులే పట్టుకోవాలి. వేలి జిడ్డు గాడిలో చేరితే దుమ్ము అంటుకుంటుంది, బూజు పడుతుంది. తుడిచేది కూడా గాడి వెంబడి గుండ్రంగానే, అడ్డంగా కాదు. లక్క రికార్డుకు స్పిరిటు తగలనివ్వరాదు. లక్క అందులో కరిగిపోతుంది. చుట్టమొకాయన తళతళలాడించబోయి ఓ రికార్డును అలాగే పాడుచేశారట.

ఉక్కు సూదిని ఒక్కో వైపు పాటకు ఒకటి చొప్పున మార్చాలి. అరిగిన సూదితోనే మళ్ళీ వేస్తే గాడి చెడుతుంది. "సూదికి చూసుకుంటే పద్యం పోతుంది" అంటారు మాస్టారు. ఎల్పీకి వాడే సన్న సూదిని 78 రికార్డుపై పెట్టరాదని కూడా ఆయన హెచ్చరించారు.

ఎంపిక ఎలా?

మొదట ఇష్టమైనవి ఏరారు. అవే రెండు వందలయ్యాయి. దాంతో లెక్క మార్చారు. ఎక్కడైనా దొరికే పాటను, ఎంత ఇష్టమైనా సరే, పక్కన పెట్టేశారు. 1957 నాటి 'మాయాబజార్' పాటలు, 1980లో వచ్చిన 'శంకరాభరణం' ఎల్పీ అలా ఊళ్ళోనే ఉండిపోతున్నాయి. "అవి మనవడి ఫోనులోనే వస్తాయి. వాటికి నా కాపలా ఎందుకు?" అన్నారు.

పెట్టెలో తొలి చోటు పేరు చెరిగిన ఆ ఇరవై మూడింటికే దక్కింది. "పేరున్న రికార్డును ఎవరో ఒకరు డబ్బిచ్చి కొంటారు. పేరు లేనిదాన్ని చెత్తలో పారేస్తారు. అది ఎవరి గొంతో చెప్పడానికి ఈ ఇంట్లో నేనొక్కణ్ణే మిగిలాను" అని ఆయన వివరించారు.

మన దేశంలో రికార్డింగు మొదలైన 1902లో గాయని గౌహర్ జాన్ పాట చివర తన పేరు తానే చెప్పుకొనేది. జర్మనీలో రికార్డు అచ్చువేసేవారికి అది ఎవరి పాటో తెలియాలి గనుక. తర్వాతి రికార్డుల్లో ఆ ఆనవాయితీ పోయింది. అయితే కాగితం ఊడినా, నడుమ లక్కలోనే అచ్చయిన అంకె మిగులుతుంది. మాస్టారు రోజూ ఉదయం రెండేసి రికార్డులు వేసి విని, ఆ అంకె, నాటకం, పాడినవారి పేరు, గీత పడిన చోటు నోటు పుస్తకంలో రాస్తున్నారు.

నియమం తప్పి పెట్టెలో చేరింది ఒక్క 'లవకుశ'. అది బాగా అరిగి గరగరలాడుతోంది. ఫోనులో ఇంకా నున్నగా వస్తుంది కదా మాస్టారూ అంటే, "ఆ గరగర ఫోనులో రాదు కదయ్యా" అని నవ్వారు.

ఇంతవరకు పందొమ్మిది రికార్డులకు పేర్లు దొరికాయి. నాలుగు తేలలేదు. వాటిలో ఒకటి రాయబారం పద్యం. గొంతు మాత్రం అంతుపట్టడం లేదు. "నాన్న ఉంటే రాగం ఎత్తుకోగానే చెప్పేవారు" అంటారు మాస్టారు. ఆయన ప్రయాణం సంక్రాంతి వెళ్ళాక. ఈలోగా పాత నాటకాలు చూసిన పెద్దలెవరైనా వచ్చి ఆ నాలుగూ వింటామంటే, పేరు చెప్పవద్దన్న షరతును వారి మటుకు సడలిస్తారట. దారి చూపడానికి ఈ విలేఖరి సిద్ధం.