కారు భీమా: త్రోవ లెక్క వ్రాయు యంత్రము

గృహిణి వంటయింటికి మాత్రమే యేలిక యని తలచుట తగదు. ఇంటి వెచ్చములలో ఏది తగ్గింపదగునో, ఏది తగ్గింపరాదో యెఱిగి సంసారమును నడుపునది ఆమెయే. నేడు మన పట్టణములలో పెక్కిండ్ల కారు కలదు. దానిని నడుపు స్త్రీలును పెక్కండ్రు. అయినను ఏటేట కట్టు భీమా సంగతి పురుషులకు విడిచిపెట్టుట వాడుకయైనది. ఆ భీమాలో వచ్చిన యొక క్రొత్త పద్ధతినిగూర్చి నాలుగు మాటలు విన్నవింప గోరుచున్నాము.

కారు భీమాకు రెండు భాగములు గలవు. మన కారువలన ఇతరులకు గలుగు హానికి బాధ్యత వహించునది మొదటిది. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము దీనిని తప్పనిసరి చేసినది. దీని రేట్లను ప్రభుత్వమే ప్రకటించును. మన కారునకే గలుగు నష్టమును భరించునది రెండవది. దాని రుసుమును కంపెనీలు నిర్ణయించుకొనును. క్రొత్త పద్ధతి యీ రెండవ భాగమునకే చెందినది. హైదరాబాదున ముఖ్య కార్యాలయముగల భీమా నియంత్రణ సంస్థ 2022 జూలైలో దీని కనుమతి నిచ్చినది.

ఇందు రెండు తెఱగులు గలవు. తిరిగిన దూరమునుబట్టి రుసుము కట్టుట యొకటి. నడపిన తీరునుబట్టి కట్టుట మఱియొకటి. కారులో నమర్చిన చిన్న పెట్టెగాని, చేతి ఫోనులోని యాప్‌గాని కారున్న చోటును, వేగమును, బ్రేకు పడిన తీవ్రతను, మలుపు తిరిగిన తీరును గుర్తించి కంపెనీకి పంపుచుండును. దీనినే టెలిమాటిక్స్ అందురు.

మొదట మేలు చెప్పుదము. వారమున కొకసారి సంతకును, పండుగకు పుట్టినింటికిని మాత్రమే కదలు కారును, దినమున కిన్నూరు కిలోమీటర్లు పరుగెత్తు కారును ఒక్క రుసుమే కట్టుట న్యాయమా? తక్కువ తిరుగువారికి ఈ పద్ధతి లాభము. క్రొత్తగా నేర్చిన కుమారునికి తన తొందరపాటు అంకెలలో కనబడుటయు మంచిదే. మఱియొక మేలు స్త్రీలకు ముఖ్యము. ఐరోపా న్యాయస్థానము 2011లో ఇచ్చిన తీర్పుచే, 2012 డిసెంబరు 21 మొదలు అచట స్త్రీ పురుష భేదమునుబట్టి భీమా రుసుము నిర్ణయింపరాదు. అంతకుముందు ఇంగ్లండులో పడుచు స్త్రీలు పడుచువారైన పురుషులకంటె సాధారణముగా తక్కువ కట్టెడివారు. ఆ తేడా పోయినను, నెమ్మదిగా నడుపు స్త్రీ తన నడకనే సాక్ష్యముగ చూపి రుసుము తగ్గించుకొనుటకు యీ యంత్రము దారి చూపుచున్నది.

ఇక కీడు. యంత్రమునకు బ్రేకు పడుట తెలియును గాని, ఎదుట పరుగెత్తివచ్చిన పసిబిడ్డ కానరాదు. గేదెలు, ఆటోలు, గుంతలు గల మన వీధులలో చటుక్కున ఆపుట నేర్పేగాని నేరము కాదు. విదేశములలో కొన్ని పథకములు నడిరేయి ప్రయాణమును అపాయముగ గణించును. రాత్రి కొలువు ముగించుకొని వచ్చు నర్సు ఏమి తప్పు చేసినది?

అంతకంటె పెద్ద చిక్కు గుట్టు. జనరల్ మోటార్స్ కంపెనీ కార్ల ప్రయాణ వివరములను యజమానుల సరియైన సమ్మతి లేక ఇతర సంస్థలకు ఇచ్చినదని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025 జనవరిలో అభియోగము మోపినది. మన దేశమున 2023లో వ్యక్తిగత సమాచార రక్షణకై చట్టము వచ్చినది. అయినను చదువక పెట్టిన సంతకమును ఏ చట్టము కాపాడగలదు? ఇంటిలోపలి సంగతియు ఆలోచింపదగినదే. కారు భర్తపేరనో, కుమారునిపేరనో యుండును. ఆమె ఎచటి కేగినది, ఎంతసేపు నిలిచినది అను లెక్క వారి ఫోనులో కనబడవచ్చును. వందల రూపాయల తగ్గింపునకై స్త్రీ తన రాకపోకలను అనుదినము ఒప్పజెప్పుట మాకు సమ్మతము కాదు.

కావున తక్కువ తిరుగువారు దూరమునుబట్టి కట్టు తెఱగును ఎన్నుకొనవచ్చునని మా యభిప్రాయము. కాని నియమిత దూరము మించిన పిమ్మట నష్టము గలిగినచో కంపెనీ యేమి చెల్లించునో ముందే వ్రాతమూలముగ తెలిసికొనవలెను. నడక తీరును గణించు తెఱగును కోరువారు మూడు ప్రశ్న లడుగవలెను: ఏయే వివరములు తీసికొందురు? వాని నెవరెవరు చూతురు? పథకము మానుకొన్న పిదప వానిని చెఱిపివేయుదురా? తగ్గింపును మొత్తము రుసుముపై గాక, స్వంత నష్టపు భాగముమీదనే లెక్కించి చూడవలెను. ఆ భాగము 6,000 రూపాయలనుకొందము. నూటికి పది తగ్గినను మిగులునది 600 మాత్రమే. ఆ మిగులునకు ఇచ్చుచున్న దేమియో ఆలోచించి, కారు నడుపు స్త్రీ సమ్మతించిన పిమ్మటనే ఇంటి యజమాని సంతకము చేయుట ధర్మము.