రెండు చెవుల మధ్య ఒక గది

65వ నంబరు జాతీయ రహదారి మీద రాత్రంతా లారీలు ఆగవు. సూర్యాపేటలోనో కోదాడలోనో ఆ రోడ్డు పక్కన పదడుగుల గది అద్దెకు తీసుకుని పాటలు మిక్సింగ్ చేద్దామంటే మొదటి తలనొప్పి హారన్లు. మిర్యాలగూడలోనైతే రైసుమిల్లు మోత. కిటికీ మూస్తే ఆ చప్పుడు కొంత తగ్గుతుంది. గది చేసే మోసం మాత్రం తగ్గదు. పదడుగుల ఎడంలో ఎదురెదురుగా ఉన్న గోడల మధ్య సుమారు 56 హెర్ట్జ్ శబ్దం అటూ ఇటూ తగిలి అక్కడే నిలబడిపోతుంది. బరాత్‌లో గుండె అదిరించే డీజే దెబ్బ కూడా ఆ చుట్టుపక్కలదే. గోడకు ఆనుకుని వింటే అది బలిసి వినిపిస్తుంది, గది నడుమ దాదాపు మాయమవుతుంది. వినపడట్లేదని బేస్ పెంచేసిన పాటను దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరలో పెద్ద బాక్సుల మీద వేస్తే, పాడిన మనిషి గొంతు అడుగున పడిపోతుంది.

అద్దె గది గోడలకు డబ్బు తగలేసే ఓపిక ఎవరికుంది? హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే గదీ లేదు, లారీలూ లేవు. కానీ అక్కడ ఇంకో చిక్కు.

హెడ్‌ఫోన్ సంగీతం కోసం ఎదిగింది కాదు. అమెరికాలోని యూటా రాష్ట్రంలో నథానియేల్ బాల్డ్విన్ తన వంటింట్లో తయారుచేసిన జతలను 1910లో అక్కడి నౌకాదళం వైర్‌లెస్ సంకేతాలు వినడానికి కొంది. 1958లో జాన్ కాస్ స్టీరియో హెడ్‌ఫోన్ తెచ్చాకే అది పాటల పరికరమైంది. స్టీరియో పాటలు మాత్రం ఎదురుగా ఉన్న రెండు స్పీకర్ల కోసం చేసినవి. ఎడమ స్పీకర్లో డప్పు మోగితే ఎడమ చెవి ముందు వింటుంది. సెకనులో నాలుగు వేలవ వంతు ఆలస్యంగా కుడి చెవీ వింటుంది, అదీ కాస్త మొద్దుబారిన శబ్దంగా, ఎందుకంటే మధ్యలో తల అడ్డు. ఆ తేడాతోనే డప్పు ఎక్కడుందో మెదడు పోల్చుకుంటుంది. హెడ్‌ఫోన్‌లో కుడి చెవికి ఆ డప్పు అసలు చేరదు. దెబ్బ నేరుగా ఎడమ చెవిలో పడుతుంది, గాయకుడేమో తల లోపల నిలబడి పాడుతున్నట్టుంటాడు. ఒక్కో వాయిద్యాన్ని పక్కలకు ఎంత జరపాలి, ప్రతిధ్వని ఎంత కలపాలి అన్న లెక్కలు అక్కడే తప్పుతాయి.

దీనికి మందు కనిపెట్టినవాళ్లలో బెంజమిన్ బావర్ ఒకడు. పాత ఫొటోల్లో గాయకుల ముందు కనిపించే, చువ్వల ముఖమున్న షూర్ మైకు 1939 నాటి ఆయన పనితనమే. 1961లో ఆయన ఎడమ శబ్దంలో కొంత ఆలస్యంగా, పదును తగ్గించి కుడికి, కుడిది ఎడమకు పంపే చిన్న సర్క్యూట్‌ను ప్రకటించాడు. తీసేసిన తలను మళ్లీ మధ్యలో పెట్టడమే అది. దాదాపు అదే కాలంలో బెల్ ల్యాబ్స్‌లో మన కాన్పూర్‌లో పుట్టిన బిష్ణు అటల్, మాన్‌ఫ్రెడ్ ష్రోడర్ ఎదురు దారి పట్టారు. స్పీకర్ల నుంచి అవతలి చెవికి చేరే శబ్దాన్ని లెక్కగట్టి రద్దు చేసి, స్పీకర్ లేని చోటి నుంచి శబ్దం వచ్చినట్టు భ్రమింపజేశారు. అవతలి చెవికి శబ్దం ఎలా చేరుతుందో లెక్కగట్టడమే నా దృష్టిలో ఈ కథకు నడుమ స్తంభం. ఆ లెక్కకు కొలతలు కావాలి.

1994లో ఎంఐటీలో బిల్ గార్డ్‌నర్, కీత్ మార్టిన్ చెవుల్లో మైకులున్న బొమ్మ తల చుట్టూ 710 చోట్ల నుంచి శబ్దం వినిపించి కొలతలు తీశారు. స్పీకర్లు రెండు, చెవులు రెండు, వెరసి నాలుగు దారులు. ఒక్కో దారిలో శబ్దం ఎలా మారుతుందో కొలిచిపెట్టుకుంటే, ఏ పాటకైనా అదే మార్పును లెక్కల్లో అద్దవచ్చు. గోడల ప్రతిధ్వనులతో సహా ఈ లెక్కను ఆలస్యం లేకుండా చేసే పద్ధతిని ఆ గార్డ్‌నరే 1995లో రాశాడు. నేటి ల్యాప్‌టాప్‌కు అది నల్లేరు మీద బండి నడక. 2016లో వచ్చిన వేవ్స్ ఎన్ఎక్స్ అనే ప్లగిన్ (మిక్సింగ్ సాఫ్ట్‌వేర్‌కు తగిలించుకునే చిన్న ప్రోగ్రాం) ఈ లెక్కతోపాటు కెమెరాతో తల కదలికనూ పట్టి, మీరు పక్కకు తిరిగినా స్పీకర్లను ఉన్నచోటే ఉంచుతుంది. అలాంటిదే స్లేట్ వీఎస్ఎక్స్, తన హెడ్‌ఫోన్‌లోనే పేరున్న స్టూడియోల గదుల్లోనో, కారులోనో కూర్చుని వింటున్నట్టు వినిపిస్తుంది.

ఇది పూర్తి మాయ కాదు. కొలిచింది ఎవరి చెవులతోనో, వింటున్నది మీ చెవులతో. చెవి దొప్ప మలుపులు మనిషికో తీరు కాబట్టి కొందరికి ఎదుటి స్పీకర్ నెత్తిమీద ఉన్నట్టు వినిపిస్తుంది. ఛాతీకి తగిలే బేస్‌ను ఏ హెడ్‌ఫోనూ ఇవ్వలేదు. అందుకే దీన్ని గొంతుకూ వాయిద్యాలకూ మధ్య తూకం చూడటానికి నమ్ముతాను గానీ, డీజే దెబ్బ విషయంలో నమ్మను. దానికి బాక్సు దగ్గర నిలబడాల్సిందే.

ఇంకో మాట. అంతా కుదిరాక పాటను ఫైల్‌గా తీసేముందు ఈ ప్లగిన్ ఆపాలి. మరిచిపోతే ఆ లేని గది పాటలోనే అచ్చవుతుంది. అలాంటి పాట మామూలు స్పీకర్లో గదిలో ఇంకో గది ఉన్నట్టు మసకగా వినిపిస్తుంది. అప్పుడు మిక్స్‌లో తప్పెక్కడుందో వెతికి లాభం లేదు. ప్లగిన్ ఆపి ఫైల్ మళ్లీ తీయడమే.