ఉప్పల్ ట్రాఫిక్ చెబుతారు, బస్తీ సంగతి చెప్పరెందుకు?

ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర బండ్లు ఆగిపోతే ఆ సంగతి ఎఫ్ఎంలో చెబుతారు. నాచారం నుంచి హబ్సిగూడ పోయేవాళ్లు ఏ దారి పట్టాలో కూడా చెబుతారు. అదే రోడ్డు పక్క బస్తీలో నాలుగు రోజులుగా నల్లా రాకపోయినా, ఇండస్ట్రియల్ ఏరియాలో కాంట్రాక్టు కార్మికులకు జీతం ఆగినా, మ్యాన్‌హోల్‌లోకి దిగిన మనిషి ప్రాణం పోయినా ఆ మాట పాటల మధ్య వినిపించడం అరుదు. ప్రైవేటు ఎఫ్ఎంలో వార్తలకు అనుమతి లేదు కదా అంటారు. ఆ జవాబులో సగమే నిజం. మిగతా సగం తెలియాలంటే ఈ స్టేషన్లు ఎలా వచ్చాయో, ఎలా నడుస్తాయో మనం చూడాలి.

హైదరాబాదులో రేడియో మొదట నిజాం ప్రభుత్వం చేతిలో ఉండేది. 1935లో ప్రసారాలు మొదలుపెట్టిన దక్కన్ రేడియోను 1950 ఏప్రిల్ 1న భారత ప్రభుత్వం తీసుకుంది. 1957 అక్టోబర్ 3న ఆకాశవాణి వినోదం కోసం వివిధ భారతిని ప్రారంభించింది. 1967లో అందులో వాణిజ్య ప్రకటనలు మొదలయ్యాయి. ఒక సినిమా పాట, దాని వెనుక ఒక సబ్బు ప్రకటన. కమర్షియల్ రేడియో నమూనా మన దేశంలో ప్రభుత్వ రేడియోలోనే తయారైంది.

1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు ఒక కీలకమైన తీర్పు ఇచ్చింది. క్రికెట్ ప్రసారాల గొడవ మీద వచ్చిన ఆ కేసులో, ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని కోర్టు తేల్చింది. ఆ ధర్మాసనంలో జస్టిస్ పి.బి. సావంత్, జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి ఉన్నారు. ప్రభుత్వ గుత్తాధిపత్యం తప్పన్న ఆ తీర్పు, దాని స్థానంలో ప్రైవేటు గుత్తాధిపత్యం రావడం కూడా ప్రమాదమేనని హెచ్చరించింది. ఆచరణలో జరిగింది వేలం. డబ్బున్నవాళ్లు పాడుకున్నారు. 2001 జూలైలో బెంగళూరులో తొలి ప్రైవేటు ఎఫ్ఎం వచ్చింది. 2005 నాటి రెండో దశ విధానం తర్వాత, 2006 నుంచి హైదరాబాదులో రేడియో సిటీ 91.1, బిగ్ ఎఫ్ఎం 92.7, ఎస్ ఎఫ్ఎం 93.5, రేడియో మిర్చి 98.3 మొదలయ్యాయి. అప్పట్లో వాటి వెనుక టైమ్స్, సన్, అనిల్ అంబానీ రిలయన్స్ లాంటి పెద్ద సంస్థలు ఉండేవి. ప్రజల ఆస్తి మీద హక్కు ఎవరికి దక్కిందో ఈ పేర్లే చెబుతాయి.

ఇక కార్యక్రమాలు. పొద్దున ఆఫీసులకు పోయే వేళ హుషారు మాటలు, ట్రాఫిక్, కొత్త పాటలు. మధ్యాహ్నం ఇంట్లో ఉండేవాళ్ల కోసమని వంటలు, ఫోన్ కబుర్లు. సాయంత్రం మళ్లీ ట్రాఫిక్, ఫోన్ చేసి ఆటపట్టించే జోకులు. రాత్రి పాత పాటలు, ప్రేమ ముచ్చట్లు. శ్రోత పైసా ఇవ్వడు. ఆదాయం ప్రకటనలది. ప్రకటనకు రేటు పది సెకన్ల లెక్కన కడతారు. కాబట్టి స్టేషన్ అమ్మేది పాటను కాదు, శ్రోతను. కారు, ఫ్లాటు, బంగారం కొనగలిగిన శ్రోతకే ఎక్కువ విలువ. నాచారం ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి షేర్ ఆటో ఎక్కిన కార్మికుడూ అదే పాట వింటాడు. కానీ కార్యక్రమం వేసేటప్పుడు అతన్ని లెక్కలోకి తీసుకోరు. నాచారంలోని రామకృష్ణ స్టూడియో పేరు సినిమా వాళ్లకు తెలుసు. దాని చుట్టూ ఉన్న కార్మికుల బతుకు మాత్రం మైకు దాకా రాదు.

మరి వార్తల నిషేధం? అది ఉన్నమాట నిజమే. ప్రైవేటు ఎఫ్ఎం సొంతంగా వార్తలు చదవకూడదు. ఆకాశవాణి బులెటిన్లను మాత్రం మార్పు లేకుండా ప్రసారం చేయవచ్చు. ఈ నిషేధాన్ని సవాలు చేస్తూ కామన్ కాజ్ సంస్థ 2013లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. అయితే 2011 నాటి మూడో దశ విధానం కొన్ని విషయాలను వార్తల లెక్కలోంచి తీసేసింది. ట్రాఫిక్, వాతావరణం, పరీక్షలు, ఫలితాలు, అడ్మిషన్లు, ఉద్యోగ అవకాశాలు, నీళ్లు, కరెంటు సరఫరా, ప్రకృతి విపత్తులు ఆ జాబితాలో ఉన్నాయి. ఈ జాబితాను మనం జాగ్రత్తగా చదవాలి. నల్లా ఎప్పుడు వస్తుందో చెప్పడానికి అనుమతి ఉంది. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు అడ్మిషన్ల గడువు చెప్పడానికి అనుమతి ఉంది. ట్రాఫిక్ చెప్పడానికి వాడుకునే అదే వెసులుబాటు బస్తీకి ఎందుకు పనికిరాదు? అడ్డం వచ్చేది చట్టం ఒక్కటే కాదు. స్పాన్సర్ లేని శ్రోతను శ్రోతగా చూడకపోవడం కూడా.

వేరే రేడియో సాధ్యమేనని జహీరాబాద్ దగ్గరి మాచనూరు నిరూపించింది. అక్కడ దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన దళిత మహిళా సంఘాలు చాలా ఏళ్లు కార్యక్రమాలను టేపుల మీద రికార్డు చేసి ఊళ్లలో వినిపించాయి. స్వచ్ఛంద సంస్థలకు కమ్యూనిటీ రేడియో అనుమతి 2006లో వచ్చింది. 2008 అక్టోబర్ 15న సంఘం రేడియో 90.4 మీద ప్రసారం మొదలుపెట్టింది. ప్రారంభించింది ఎవరో కాదు, 1995 తీర్పు ఇచ్చిన జస్టిస్ సావంతే. మైకు పట్టింది జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ. విత్తనాలు, చిరుధాన్యాలు, వైద్యం, పండుగ పాటలు వాళ్ల యాసలోనే వినిపించాయి. ఆ యాసను ఎగతాళికి వాడుకునే రేడియోకూ, ఆ యాసలోనే ఆలోచించే రేడియోకూ తేడా అక్కడ తెలుస్తుంది.

నగరంలో ఇది కుదరదా? కమ్యూనిటీ రేడియోకు ఇచ్చే ట్రాన్స్‌మిటర్ శక్తి మామూలుగా 100 వాట్ల వరకే. కొన్ని కిలోమీటర్లే వినిపిస్తుంది. ఉప్పల్, నాచారం, మల్లాపూర్, రామంతాపూర్ బస్తీలు పక్కపక్కనే ఉన్నాయి గనుక ఆ దూరం సరిపోతుంది. లాభాపేక్ష లేని నమోదైన సంస్థ కనీసం మూడేళ్లు స్థానికంగా పనిచేసి ఉండాలి. విద్యాసంస్థలూ దరఖాస్తు చేయవచ్చు. వ్యక్తులకు, రాజకీయ పార్టీలకు ఇవ్వరు. కార్యక్రమాల్లో కనీసం సగం స్థానికంగా తయారు కావాలి. ఇక్కడా సొంత వార్తలకు వీల్లేదు. కానీ కనీస వేతనం అంటే ఏమిటి, మనుషులతో మురుగు ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ఏం చెబుతుంది, అట్రాసిటీ కేసు ఎలా పెట్టాలి అని వివరించడం వార్త కాదు, చదువు.

అనుమతి వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. విద్యార్థులు ఒక వారం పాటు రోజూ ఒక స్టేషన్ విని రాసిపెట్టవచ్చు. ఎన్ని నిమిషాలు పాటలు, ఎన్ని ప్రకటనలు, ఎన్నిసార్లు బస్తీల పేర్లు వచ్చాయి? ఆ లెక్క పట్టుకుని నీళ్లు, పరీక్షలు, ఉద్యోగాల సమాచారం ఇవ్వమని స్టేషన్లను అడగవచ్చు. ఆకాశవాణి ప్రోగ్రాం కోడ్‌ను ప్రైవేటు ఎఫ్ఎంలు కూడా పాటించాలి. అందులో సమాజంలోని వర్గాల మీద దాడి చేసే మాటలకు చోటు లేదు. కులాన్ని కించపరిచే జోకు వినిపిస్తే తేదీ, సమయం, స్టేషన్ రాసుకుని, వీలైతే రికార్డు చేసి, సమాచార ప్రసార మంత్రిత్వ శాఖకు ఫిర్యాదు చేయాలి. మాచనూరు మహిళలు లైసెన్సు కోసం ఎదురుచూస్తూ ఊరుకోలేదు, ముందు టేపులు నింపారు. మన చేతిలో ఫోన్లు ఉన్నాయి. ఉప్పల్, నాచారం బస్తీల మాటలు ఈరోజే రికార్డు చేయడం మొదలుపెడదాం.